కొరియాలో పిల్లలెందుకు పుట్టడం లేదు? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను తొమ్మిదేళ్లుగా సియోల్ పక్కన సువాన్‌లో ఉంటున్నాను. ఊరికి ఫోన్ చేసినా, సెలవులకి తెనాలి వచ్చినా ఎవరో ఒకరు "ఏంట్రా, మీ కొరియా వాళ్లు పిల్లల్ని కనడం మానేశారటగా" అని మొదలుపెడతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే అన్నీ ఒకచోట రాసేస్తున్నా. జపాను, యూరప్ సంగతులు కూడా మధ్యమధ్యలో వస్తాయి. ఈ జబ్బు అందరికీ ఉంది, కొరియాలో బాగా ముదిరిందంతే.

అసలు ఎంత పడిపోయింది?

2023లో ఇక్కడి సంతానోత్పత్తి రేటు 0.72, 2024లో 0.75. అంటే 2024 లెక్కలే కొనసాగితే ఒక స్త్రీ జీవితకాలంలో కనే పిల్లలు సగటున ముప్పావు మంది. జనాభా పెరగకుండా తగ్గకుండా ఉండాలంటే ఇది 2.1 దగ్గర ఉండాలి.

ముప్పావు బిడ్డ అంటే ఎవరికీ అర్థం కాదు, కాబట్టి ఊరి లెక్కలో చెబుతా. వంద జంటలున్న ఊరు అనుకోండి, రెండొందల మంది. వాళ్లకి పుట్టేది 75 మంది. అందులో ఆడపిల్లలు ఓ 37 మంది, వాళ్లు కూడా ఇదే రేటున కంటే మూడో తరంలో 28 మంది. రెండొందల మంది తాతలు, అమ్మమ్మలు, నానమ్మలకి కలిపి 28 మంది మనవలు! సంక్రాంతికి అందరూ ఊరికొచ్చినా ఒక బస్సు నిండదు.

1970లో ఈ దేశంలో ఏడాదికి పది లక్షల మంది పిల్లలు పుట్టారు, 2023లో 2.3 లక్షలు. సియోల్ నగరం ఒక్కదాన్నే తీసుకుంటే 2023 రేటు 0.55.

ప్రభుత్వమే చేతులారా చేసుకుందంటారు, నిజమేనా?

సగం నిజం. 1962లో పార్క్ చుంగ్ హీ ప్రభుత్వం కుటుంబ నియంత్రణ మొదలుపెట్టింది. అప్పటికి ఒక్కొక్కరికి ఆరుగురు పిల్లలు, దేశం కటిక పేదరికంలో ఉంది. "ముందూ వెనకా చూడకుండా కంటే అడుక్కుతినాల్సి వస్తుంది" అనే అర్థం వచ్చే నినాదంతో మొదలై, 80ల నాటికి "ఇద్దరు కూడా ఎక్కువే" దాకా వెళ్లారు. మన గోడల మీద ఎర్ర త్రికోణం, "మేమిద్దరం మాకిద్దరు" గుర్తున్నవాళ్లకి ఇదేం కొత్త కాదు. ఇక్కడ ఇంకో తమాషా ఉంది. సైన్యం రిజర్వు శిక్షణకి వచ్చిన మగవాళ్లు వేసెక్టమీకి (మగవాళ్ల కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కి) ఒప్పుకుంటే మిగతా శిక్షణ మాఫీ చేసి ఇంటికి పంపేవారు.

తప్పెక్కడంటే, 1983కే రేటు 2.1 కిందకి దిగిపోయినా ఆ కార్యక్రమాన్ని 1996 దాకా ఆపలేదు. పిల్లల్ని కనమని చెప్పే మొదటి జాతీయ ప్రణాళిక 2006లో వచ్చింది. మధ్యలో 1997 ఆర్థిక సంక్షోభం ఒకటి, జీవితాంతం ఒకే కంపెనీలో ఉద్యోగం అనే భరోసా దాంతో పోయింది. బ్రేకు వేయాల్సిన చోట ఇంకా యాక్సిలరేటర్ తొక్కారన్నమాట. అయితే నినాదాలు లేకపోయినా రేటు పడేదనే నా అభిప్రాయం, ఎందుకంటే అలాంటి కార్యక్రమాలేవీ లేని ఇటలీలో కూడా 2024లో అది 1.18కి చేరింది.

మరి అసలు కారణం ఏంటి?

ఒక్కటి చెప్పమంటే చెప్పలేను గానీ, మా ఆఫీసులో ముప్పై దాటిన పెళ్లికాని కుర్రాళ్లని అడిగితే మొదట వచ్చే మాట ఇల్లు. ఇక్కడ జోన్సే అని ఒక పద్ధతి ఉంది. నెలనెలా అద్దె ఉండదు, ఇంటి ధరలో సగానికి పైగా డబ్బు ఒకేసారి యజమానికి డిపాజిట్‌గా కట్టి ఉండటం, ఖాళీ చేసేటప్పుడు వెనక్కి తీసుకోవడం. పెళ్లంటే ఇల్లు చూసే బాధ్యత మగపిల్లవాడి తరఫున అనేది పాత ఆనవాయితీ, అంటే మన కట్నానికి తిరగేసిన లెక్క. సియోల్‌లో ఆ డిపాజిట్ కూడబెట్టేసరికి కుర్రాడికి ముప్పై అయిదు దాటుతుంది. వేరే ఊళ్లలో ఇళ్లు చవకే, కానీ ఉద్యోగాలు లేవు. దేశ జనాభాలో సగం మంది సియోల్, దాని చుట్టుపక్కలే ఉన్నారు.

రెండోది ట్యూషన్లు. వీటిని హాగ్వాన్ అంటారు. 2024లో బడిపిల్లల ప్రైవేటు చదువుల మీద ఇక్కడి తల్లిదండ్రులు పెట్టిన ఖర్చు 29 లక్షల కోట్ల వోన్లు దాటింది, మన డబ్బులో ఇంచుమించు లక్షా ఎనభై వేల కోట్ల రూపాయలు. సియోల్‌లో రాత్రి పదింటికి హాగ్వాన్లు మూసేయాలని రూలు ఉంది. అలాంటి రూలు పెట్టాల్సి వచ్చిందంటేనే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు! మా వీధి చివర నాలుగంతస్తుల బిల్డింగు నిండా ఇవే, కింద లెక్కలు, పైన ఇంగ్లీషు, ఆపైన పియానో, తైక్వాండో. రాత్రి దుకాణానికి పాల కోసం వెళ్తే ఆరో తరగతి పిల్లలు బ్యాగులు నేల మీద పడేసి, నిలబడే కప్పు నూడుల్స్ తింటూ ఉంటారు, తిని మళ్లీ పైకెక్కుతారు. కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఇంటర్ చదివిన నాకు ఆ మొహాలు బాగా తెలుసు, కాకపోతే మనం పదహారేళ్లకి మొదలుపెట్టినది వీళ్లు ఆరేళ్లకే మొదలుపెడతారు. ఈ లెక్కన ఒక్కడిని చదివించడమే గగనం, ఇద్దరంటే ఎవరికి ధైర్యం వస్తుంది?

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది, ఆడవాళ్లు చెల్లించే మూల్యం. అది కింది ప్రశ్నలో.

ఆడపిల్లలు చదువుకుని ఉద్యోగాల్లో పడటం వల్లే కదా ఇదంతా?

మా మావయ్య ప్రతిసారీ ఇదే అంటాడు. మావయ్యా, మళ్లీ చెబుతున్నా, కాదు. చదువు, ఉద్యోగం రెండూ స్వీడన్, ఫ్రాన్స్ ఆడవాళ్లకి కూడా ఉన్నాయి, 2024లో ఫ్రాన్స్ రేటు 1.62, స్వీడన్ 1.43. అవి కూడా తగ్గుతున్నాయి, ఫిన్లాండ్ అయితే ఎన్ని సౌకర్యాలున్నా 1.25కి వచ్చింది, ఆ మాట దాచను. కానీ కొరియాకి, వాళ్లకి మధ్య ఉన్న తేడా చిన్నది కాదు.

ఇక్కడ ఆడవాళ్లు చదువులో మగవాళ్లని దాటేశారు, ఇంటి పని మాత్రం మా నానమ్మ కాలంలోనే ఉండిపోయింది. మగవాళ్ల జీతానికీ ఆడవాళ్ల జీతానికీ తేడా సుమారు 30 శాతం, సంపన్న దేశాలన్నిటిలో ఇదే ఎక్కువ. "క్యోంగ్‌దాన్‌న్యో" అని ఒక మాటే పుట్టింది, కాన్పు వల్లో పిల్లల వల్లో ఉద్యోగజీవితం తెగిపోయిన ఆడమనిషి అని దానర్థం. భాషలో ఒక మాట స్థిరపడిందంటే అలాంటి వాళ్లు వీధికి ఎంతమంది ఉండి ఉంటారో ఊహించండి.

నా పాత ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి ఏడాది సెలవు తర్వాత తిరిగొచ్చేసరికి ఆవిడ ప్రాజెక్టు వేరేవాళ్ల చేతిలో ఉంది, ఆవిడకేమో పాత ఫైళ్లు సర్దే పని ఇచ్చారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆరు నెలలు చూసి ఆవిడే మానేసింది. అదంతా చూస్తూ కూర్చున్న పాతికేళ్ల ట్రైనీ అమ్మాయిలు ముగ్గురు ఉన్నారు అక్కడ. వాళ్లకి ఏ ప్రభుత్వం ఏం చెప్పినా చెవికెక్కుతుందా?

పెళ్లి చేసుకోకుండా పిల్లల్ని కనడం అక్కడ మామూలు కాదా, విదేశమే కదా?

కాదు. 2023లో పుట్టిన పిల్లల్లో పెళ్లి కాని తల్లులకి పుట్టినవాళ్లు 4.7 శాతమే. ఫ్రాన్స్‌లో ఇది సగం పైనే. అందుకే ఇక్కడ పెళ్లిళ్లు తగ్గితే పిల్లలు తగ్గినట్టే లెక్క. మొదటి బిడ్డ పుట్టేసరికి తల్లి సగటు వయసు 33. మన ఊళ్లో ఆ వయసుకి కొందరు కూతురి పెళ్లిచూపుల మాటలు మొదలుపెట్టే రోజులు నేను చూశాను.

ప్రభుత్వం డబ్బులిస్తే కనరా?

ఇస్తూనే ఉంది. 2024 నుంచి, పుట్టిన బిడ్డకి మొదటి ఏడాది నెలకి పది లక్షల వోన్లు, అంటే సుమారు అరవై వేల రూపాయలు, రెండో ఏడాది అందులో సగం. ఇవి కాక పుట్టగానే మొదటి బిడ్డకి ఇరవై లక్షల వోన్ల వోచరు, రెండో బిడ్డ నుంచి ముప్పై లక్షలు. బూయంగ్ అనే నిర్మాణ సంస్థ అయితే 2024లో తన ఉద్యోగులకి బిడ్డకి పది కోట్ల వోన్లు ఇచ్చింది, మన లెక్కలో అరవై లక్షల దాకా.

మాకూ కాస్త సాయం అందింది కాబట్టి ఊరికే తిట్టను. కానీ ఆ డబ్బు డైపర్లకి, పాలపొడికి సరిపోతుంది, పైన చెప్పిన మా పాత ఆఫీసు అమ్మాయికి పోయిన ప్రాజెక్టు దాంతో తిరిగి రాదు. అప్పటికే కనాలని ఉన్నవాళ్లు ఓ ఏడాది ముందు కంటారేమో గానీ, వద్దనుకున్నవాళ్ల మనసు మారడం నేనైతే చూడలేదు. హంగరీ ఇంకా ముందుకెళ్లి, నలుగురు పిల్లల తల్లికి జీవితాంతం ఆదాయపు పన్ను లేదంది. 2011లో 1.23 ఉన్న రేటు 2021కి 1.6 దాకా ఎక్కింది కూడా, ఆ తర్వాత జారి 2024లో 1.4 కిందకి వచ్చింది.

బలవంతం సంగతి అడుగుతారని ముందే చెబుతున్నా: రుమేనియాలో నియంత చౌషెస్కూ 1966లో గర్భస్రావాలు నిషేధించాడు. మరుసటి ఏడాది జననాలు దాదాపు రెట్టింపయ్యాయి, కొన్నేళ్లకే మళ్లీ తగ్గాయి. మిగిలింది దొంగచాటు గర్భస్రావాల్లో చనిపోయిన వేలమంది ఆడవాళ్లు, నిండిపోయిన అనాథాశ్రమాలు.

జపాన్‌లో ఏదో గుర్రం సంవత్సరంలో పిల్లల్ని కనరట?

హినోయెఉమా. అరవై ఏళ్లకోసారి వచ్చే నిప్పు గుర్రం సంవత్సరం. మనకి కూడా ప్రభవ, విభవ అని అరవై ఏళ్ల చక్రం ఉంది కదా, అలాంటిదే. ఆ ఏడాది పుట్టిన ఆడపిల్ల మొగుడిని మింగుతుందని నమ్మకం. మూలా నక్షత్రంలో పుట్టిన పిల్ల మామగారికి గండం అని మన దగ్గర సంబంధాలు తప్పిపోయిన ఇళ్లు లేవూ? 1966లో అది వచ్చినప్పుడు జపాన్‌లో ఒక్కసారిగా జననాలు పాతిక శాతం పడిపోయి, రేటు 1.58కి దిగింది, మరుసటి ఏడాది మళ్లీ లేచింది.

అసలు కథ ఆ తర్వాతది. 1989లో ఏ గుర్రమూ లేకుండానే రేటు 1.57కి వచ్చింది. మూఢనమ్మకం వల్ల పడినదానికంటే మామూలుగానే ఇంకా కిందకి పడిందని అప్పుడు దేశం ఉలిక్కిపడింది, "1.57 షాక్" అని పేరు కూడా పెట్టారు. 2024కి అది 1.15, పుట్టిన పిల్లలు ఏడు లక్షల లోపు, చనిపోయినవాళ్లు పదహారు లక్షలు. అరవై ఏళ్ల లెక్కన 2026 మళ్లీ నిప్పు గుర్రం సంవత్సరమే.

జనం తగ్గితే మంచిదే కదా, రద్దీ తగ్గుతుంది?

రద్దీ తగ్గాల్సిన చోట తగ్గదు. సియోల్ మెట్రోలో ఇప్పటికీ ఊపిరాడదు, ఖాళీ అయ్యేది పల్లెలు. జపాన్‌లో 2023 సర్వేలో ఖాళీ ఇళ్లు 90 లక్షలు తేలాయి, టోక్యోలో మాత్రం అద్దెలు తగ్గలేదు. సంఖ్య తగ్గడం పెద్ద సమస్య కాదు, వయసుల బరువు ఒక పక్కకి ఒరిగిపోవడం సమస్య. కొరియా గణాంక సంస్థ అంచనాలో 2072కి జనాభా 3.62 కోట్లు, అందులో దాదాపు సగం మంది 65 దాటినవాళ్లు. పెన్షన్లు ఎవరు కడతారు, మంచంలో ఉన్నవాళ్లని ఎవరు లేపి కూర్చోబెడతారు?

దగ్గర్నుంచి చూసినది ఒకటి చెబుతా. మా అమ్మాయి వెళ్లిన డేకేర్ మా అపార్ట్‌మెంట్ గేటు పక్కనే, కింది అంతస్తులో ఉండేది. కిటికీలకి జిరాఫీ, ఏనుగు స్టిక్కర్లు. పిల్లలు చాలక 2023లో మూసేశారు. కొన్ని నెలల తర్వాత అదే చోట వృద్ధుల డేకేర్ తెరిచారు. వీటిని ఇక్కడ "నోచివన్" అంటారు, ముసలివాళ్ల కిండర్‌గార్టెన్ అని. పిల్లల పసుపు వ్యాను పోయి తెల్లది వచ్చింది, పొద్దున తొమ్మిదింటికి ఒకమ్మాయి దిగి తాతల చేతులు పట్టుకుని ఎక్కిస్తుంది, పాత టీచరమ్మ ఎక్కించినట్టే. లోపల రంగులు వేయడం, చప్పట్లు కొడుతూ పాటలు కూడా ఉంటాయి. జిరాఫీ స్టిక్కరు సగం చిరిగి ఇంకా అలాగే ఉంది. మా అమ్మాయి దాన్ని చూసినప్పుడల్లా "అది నాది" అంటుంది.

2024లో దేశంలో ఒక్క పిల్లాడు కూడా ఒకటో తరగతిలో చేరని బడులు 150 పైనే. సైన్యంలో చేరాల్సిన కుర్రాళ్లు కూడా తగ్గిపోయారు, ఉత్తర కొరియా నెత్తిన కూర్చున్న దేశానికి ఇదెంత టెన్షనో చెప్పక్కర్లేదు.

రేటు తగ్గిన వెంటనే జనాభా తగ్గదా?

తగ్గదు, అందుకే ఎవరూ సమయానికి మేలుకోరు. జపాన్‌లో రేటు 1970ల్లోనే 2.1 కిందకి వచ్చింది, జనాభా మాత్రం 2008 దాకా పెరుగుతూనే ఉంది. ముందు తరంలో పుట్టినవాళ్లు ఎక్కువమంది కాబట్టి వాళ్లు తలా కొద్దిమందిని కన్నా మొత్తం పెద్దగానే కనబడుతుంది. కొరియా జనాభా 2020 దగ్గర శిఖరం తాకింది.

2024లో పెరిగిందటగా, గండం గడిచినట్టేనా?

పెరిగింది, తొమ్మిదేళ్లలో మొదటిసారి. కోవిడ్‌కి వాయిదా పడిన పెళ్లిళ్లు జరిగాయి, పైగా 90ల మొదట్లో ఏడాదికి ఏడు లక్షల దాకా పుట్టిన తరం ఇప్పుడు ముప్పైల్లో ఉంది. ఆ తర్వాత వచ్చే తరం చిన్నది. 0.72 నుంచి 0.75కి పండగ చేసుకోవడం, పాసవడానికి 35 మార్కులు కావాల్సిన చోట 20 వచ్చినవాడు 21 వచ్చాయని మిఠాయిలు పంచినట్టుంటుంది.

మనుషులు కావాలంటే మన వాళ్లని పిలుచుకోవచ్చుగా? ఉద్యోగాలు ఉంటాయా?

ఇప్పటికే ఇక్కడ విదేశీయులు 26 లక్షల పైనే ఉన్నారు, జనాభాలో ఇంచుమించు 5 శాతం. ఫ్యాక్టరీలకి, పొలాలకి, చేపల పడవలకి మనుషుల్ని తీసుకునే ఈ-9 వీసా ఉంది, నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్ వాళ్లు దాని మీదే వస్తారు. ఆ దేశాల జాబితాలో భారత్ లేదు. కాబట్టి "కొరియాలో ఫ్యాక్టరీ ఉద్యోగం, మూడు లక్షలు కట్టు" అనే ఏజెంటు ఎవరైనా మీ ఊళ్లో తిరుగుతుంటే పైసా ఇవ్వకండి. మనలాంటి వాళ్లు ఇంజినీర్లుగానో, చదువుకనో రావాలి. జపాన్‌తో మాత్రం నైపుణ్య కార్మికుల ఒప్పందం 2021లో కుదిరింది. తెలంగాణలో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకి భాష నేర్పించి జర్మనీ, జపాన్ పంపిస్తోంది. నర్సింగ్ చదివిన పిల్లలు అటు చూడండి.

140 కోట్ల దేశం మనది, మనకెందుకు ఈ గొడవ?

దేశం సంగతి వేరు, ఆంధ్ర సంగతి వేరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం రేటు 2.0, బీహార్ 3.0, తెలంగాణ 1.8, ఆంధ్రప్రదేశ్ 1.7. కొరియా వాళ్లకి ఆలస్యపు పెళ్లిళ్ల వల్ల తగ్గింది, మనకి పెళ్లిళ్లు తొందరగానే అవుతున్నా తగ్గింది. ఇరవైలోపు పెళ్లి, పాతికలోపు ఇద్దరు, వెంటనే ఆపరేషన్. ఆ సర్వేలోనే ఆంధ్రలో పెళ్లైన ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. మగవాళ్ల ఆపరేషన్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అది వేరే పేజీ రాయాల్సిన సంగతి.

కొరియా తిరిగిన మలుపు మనమూ తిరిగాం. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారని 90ల్లో పెట్టిన నిబంధనని 2024 నవంబరులో ఆంధ్ర అసెంబ్లీ ఎత్తేసింది. అప్పట్లో చిన్న కుటుంబం అని ప్రచారం చేసిన చంద్రబాబు నాయుడు గారే ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారు. ఇందులో లోక్‌సభ సీట్ల భయం కూడా ఉంది. 1971 జనాభా లెక్కల మీద ఆగిపోయిన సీట్ల పంపకాన్ని తిరగదోడితే, పిల్లల్ని తగ్గించుకున్న దక్షిణాదికి వాటా తగ్గుతుందని.

నాకు కనిపించే తేడా ఒకటే. కొరియా ముందు డబ్బు సంపాదించి తర్వాత ముసలిదైంది. మనం డబ్బు చేతికి రాకముందే ముసలివాళ్లమయ్యేలా ఉన్నాం. తెనాలిలో మా వీధిలో పదకొండు ఇళ్లుంటే ఏడింటిలో భార్యాభర్తలిద్దరే, అరవై దాటినవాళ్లు, పిల్లలు హైదరాబాదులోనో డల్లాస్‌లోనో. కొరియాలో అయితే ఆ తెల్ల వ్యానన్నా వస్తుంది.

మీకెంతమంది పిల్లలు మరి?

ఒక్కతే, ఆరేళ్లు. మా ఆవిడ కడుపుతో ఉన్నప్పుడు ఇక్కడి ఆరోగ్య కేంద్రం వాళ్లు గులాబీ రంగు బిళ్ల ఇచ్చారు, బ్యాగుకి తగిలించుకుంటే మెట్రోలో గర్భిణుల గులాబీ సీటు ఇస్తారని. చాలాసార్లు ఆ సీట్లో ఎవరో బామ్మ నిద్రపోతూ ఉండేది, ఆవిడని లేపడానికి మా ఆవిడకి మనసొప్పేది కాదు. కాన్పయ్యాక పుట్టిల్లు లేదు, పథ్యం వండిపెట్టే అమ్మ లేదు, వీసా ఆలస్యమై మా అత్తగారు రాలేకపోయారు. ఇక్కడ బాలింతలకి రెండు వారాలు ఉంచుకునే కేంద్రాలున్నాయి, రోజుకి మూడు పూటలా సముద్రపు నాచు చారు పెడతారు, బిల్లు చూస్తే మాత్రం కళ్లు తిరుగుతాయి. రెండో బిడ్డ సంగతి మా అమ్మ ప్రతి ఆదివారం వీడియో కాల్లో అడుగుతుంది. మా ఆవిడ ఏమీ అనదు, ఫోను నా చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లిపోతుంది.